సోమవారం జరగని దొంగతనాలు

తమ బస్తీకి ఎర్రరంగు వేసిందెవరని అడుగుతూ జోగులు ఆఫీసులోకి వచ్చేసరికి జాహ్నవి మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతోంది.

పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ దగ్గర ఒక మందుల దుకాణం పైన మూడు గదుల్లో నడిచే చిన్న పరిశోధన కేంద్రం అది. పోలీసు స్టేషన్లకు వచ్చిన ఫిర్యాదుల వివరాలు తెప్పించుకుని, ఏ నేరం ఎక్కడ, ఏ వేళ ఎక్కువగా జరుగుతోందో లెక్కగట్టి, గస్తీ ఎక్కడ పెట్టాలో, వీధి దీపాలు ఎక్కడ వేయించాలో అధికారులకు చెప్పడం వాళ్ల పని. జాహ్నవి అక్కడ రెండేళ్లుగా పరిశోధకురాలు. పదిరోజుల క్రితం వాళ్ల తొలి నివేదిక బయటికి వచ్చింది. అందులో ఆమె గీసిన పటాన్ని స్థానిక పత్రిక మొదటి పేజీలో వేసింది. దీవులన్నీ లేత పసుపు, అక్కడక్కడా నారింజ. వండూర్ వెళ్లే దారిలో ఒక్కచోట మాత్రం కందిన పుండులా ఎరుపు. కింద పెద్ద అక్షరాలతో పేరు: బాదం బస్తీ.

జోగులుకు ముప్పై రెండు, ముప్పై మూడేళ్లు ఉంటాయి. మడతలు పడిన ఆ పత్రికనే చేత్తో పట్టుకొచ్చాడు.

"మేడం, ఈ నక్షా ఇక్కణ్ణించే ఎల్లిందంట. మా బస్తీకి లాల్ రంగు ఎవరేసారు?"

"మీరెవరండీ?"

"జోగులు. బస్తీవోణ్ణే. జెట్టీ కాడ టూరిస్టు బోటు మీద పన్జేత్తాను." ఒక్క క్షణం ఆగి సరిచేసుకున్నాడు. "జేసేవోణ్ణి. పేపర్లో పడ్డ మూడోనాడు మా సేఠ్ బస్తీవోళ్లని నలుగుర్నీ రావొద్దనేసాడు. సామాను పోతే నా పేరు పోతాది భాయ్, అన్నాడు. సాయంత్రం అయ్యేసరికి సిపాయిలొచ్చి ఇంటింటికీ నిలబడి పేర్లు రాసుకుంతన్నారు. శనివారం శనివారం ఔట్‌పోస్టుకెల్లి సంతకం పెట్టాల. నా మీద ఒక్క కేసు నేదు మేడం. మీ కంప్యూటర్‌లో సూసుకోండి."

జాహ్నవి చేతిలోని డబ్బా మూత పక్కన పెట్టింది.

"సార్ లేరు. వచ్చాక చెప్తాను," అంది.

"ఏసింది మీరు కాదా?"

"నేను... కంప్యూటర్లో ఎక్కిస్తాను, అంతే."

అతను తల ఊపాడు. వెనక గోడకున్న పటం వైపు కాసేపు చూశాడు. తన ఫోన్ నంబరు చీటీ మీద రాసి బల్ల మీద పెట్టాడు. "అన్నం తినండి, చల్లారిపోద్ది," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆమె తినలేదు. డబ్బా మూసి కిటికీ దగ్గరికి వెళ్లింది, వచ్చి కూర్చుంది, మళ్లీ లేచింది. పటం గీసింది తనే. రంగు ఎంచుకున్నది కూడా తనే. ఇంకాస్త ముదురు వేస్తే బాగా కనిపిస్తుందని చివర్లో మార్చింది కూడా. అబద్ధం చెప్పాలనుకుని చెప్పలేదు. నోరే దాని దారిన అది చెప్పేసింది. అదే ఎక్కువ కలవరపెట్టింది.

లంబాలైన్‌లో ఇంటికి చేరేసరికి నాన్న భూషణం వరండాలో ఉన్నాడు. శ్రీకాకుళం నుంచి టీచరుగా వచ్చి, ఇక్కడే రిటైరైన మనిషి. పత్రికలోని పటాన్ని కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించి, వచ్చిన ప్రతివాడికీ చూపిస్తున్నాడు. విమానం ఒకటి ఇంటి పైకప్పును రాసుకుపోతున్నట్టు మోగుతూ వెళ్లింది. ఆ మోత తగ్గేదాకా ఆమె ఆ ఎర్రచుక్కనే చూస్తూ నిలబడిపోయింది.

"ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది నాన్నా," అని కంప్యూటర్ ముందు కూర్చుంది.

లెక్క తనకు కంఠతా వచ్చు. ఆ ఔట్‌పోస్టు పరిధిలో ఆరు నెలల్లో అరవై ఒక్క చిన్న దొంగతనాలు జరిగాయి. పర్సులు, ఫోన్లు, కెమెరాలు. అందులో నలభై ఏడు బాదం బస్తీలోనే. బస్తీలో జనాభా నూట డెబ్బై. వెయ్యిమందికి ఎన్ని అని భాగహారం చేస్తే దీవుల్లో మరెక్కడా లేనంత పెద్ద అంకె వచ్చింది. అందుకే ఎరుపు. లెక్కలో తప్పులేదు. అప్పుడూ రెండుసార్లు సరిచూసుకుంది, ఇప్పుడూ సరిచూసుకుంది.

ఈసారి వారాలవారీగా విడదీసింది. మంగళవారం తొమ్మిది, బుధవారం ఎనిమిది, అలా సాగింది. సోమవారం దగ్గర సున్నా.

ఆ సున్నా కొత్తదేం కాదు. నివేదిక రాసేటప్పుడే కనబడింది. పక్కన తనే ఒక వాక్యం రాసింది: 'సోమవారం పర్యాటకులు తక్కువ.' ఎవరు చెప్పారు తనకా మాట? కాలేజీ రోజుల్లో స్నేహితురాళ్లతో సోమవారాలు వండూర్ బీచ్‌కి ఎన్నిసార్లు వెళ్లలేదు? ఇసుక కనబడనంత జనం ఉండేవారు. సోమవారం ఆగిపోయేది బీచ్ కాదు, సముద్ర జాతీయ వనానికి వెళ్లే బోట్లు. ఆ వనానికి సోమవారం సెలవు.

వేళలు చూసింది. నలభై ఏడింటిలో నలభై ఒకటి ఉదయం ఎనిమిదికీ తొమ్మిదిన్నరకీ మధ్య జరిగినవి. అంటే బోటు ఎక్కేవాళ్లు పట్నం నుంచి బస్సులో వచ్చే వేళ. తనకు తెలియకుండానే లేచి నిలబడింది. నాన్న రెండుసార్లు భోజనానికి పిలిచాడు.

మర్నాడు పొద్దున్నే ఔట్‌పోస్టుకు వెళ్లింది. ఫిర్యాదులను కంప్యూటర్‌లోకి ఎక్కించే హెడ్ కానిస్టేబుల్ శ్రీలక్ష్మి ఆమెకు ఫోన్‌లో పరిచయమే. మనిషిని చూడటం మాత్రం అదే మొదలు. కళ్లజోడు ముక్కు మీదికి జారి, ఒక చేత్తో టీ గ్లాసు, ఒక చేత్తో మౌస్ పట్టుకుని ఉంది.

"దీదీ, అసలు ఫిర్యాదు కాగితాలు చూడొచ్చా? వాళ్లు చేత్తో రాసిచ్చినవి?"

"అన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయి కదా జాహ్నవీ, నీకు పంపించాను కదా."

"అవి కాదు దీదీ. వాళ్ల మాటల్లో రాసినవి కావాలి."

శ్రీలక్ష్మి బీరువా తెరిచి మూడు దస్త్రాలు బల్ల మీద పడేసింది. మొదటి కాగితం కలకత్తా నుంచి వచ్చిన ఒక మాస్టారిది. 'బస్సు చాలా రద్దీగా ఉంది. జెట్టీ దగ్గర దిగి చూస్తే సంచి జిప్పు తెరిచి ఉంది.' రెండోది ఒక కొత్త జంటది. బోటు లైనులో, వనంలో నిషేధమైన ప్లాస్టిక్ సీసాలు ఉన్నాయేమోనని సంచులు విప్పి చూపిస్తుండగా ఫోను పోయిందట. మూడోది బస్సు. నాలుగోది బస్సు. అయిదోది లైను. జాహ్నవి చివరి పేజీదాకా తిప్పింది. ఏ కాగితంలోనూ బాదం బస్తీ అన్న మాటే లేదు.

"దీదీ, మరి జరిగిన చోటు అన్నచోట బస్తీ పేరు ఎందుకు పెట్టారు?"

"ఏం పెట్టమంటావ్?" శ్రీలక్ష్మి స్క్రీను ఆమె వైపు తిప్పింది. "చూడు. ఇక్కడ నొక్కితే లిస్టు వస్తుంది. ఊళ్ల పేర్లే ఉంటాయి. బస్సు అని లేదు, జెట్టీ అని లేదు. ఏదో ఒకటి నొక్కకపోతే ముందుకు పోదు. బాదం బస్తీ ఇంగ్లీషు అక్షరాల వరసలో మొదటిది, పైగా మా గేటుకు ఎదురుగా ఉంది. నొక్కేస్తాను. లైనులో పదిమంది నిలబడి బోటు పోతుందని అరుస్తుంటే ఇంకేం చేస్తాం?"

"ఇలా అని మీరు ఎవరికీ చెప్పలేదా?"

"అడిగితే కదా! నువ్వే మొదటిసారి అడిగావ్. అదీ పటం అచ్చయ్యాక." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది, అంతే. అదే ఎక్కువ తగిలింది.

దాని తర్వాత మూడు రోజులు జాహ్నవి పొద్దున్నే అబర్డీన్ బజార్ నుంచి వండూర్ బస్సెక్కింది. కిటికీ సీటు దొరికినా కూర్చోలేదు. వెనక నిలబడి, ఎవరు ఎక్కడ ఎక్కుతున్నారో, సంచులు ఎక్కడ పెడుతున్నారో రాసుకుంది. భుజాలకు తగిలించుకున్న సంచులన్నీ వీపుల వెనక ఉన్నాయి, కళ్లన్నీ కిటికీలో సముద్రం కోసం వెతుకుతున్నాయి. జెట్టీ దగ్గర లైనులో సంచులు విప్పి నేలమీద పెట్టి, పిల్లల్ని పిలుచుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆ వేళకు బస్తీ మగవాళ్లు ఎక్కడుంటారని టీ కొట్టాయన్ని అడిగితే నవ్వాడు. "మచ్ఛీవాళ్లు దీదీ. తెల్లారకముందే వేటకు పోతారు, పదిన్నరకి గానీ ఒడ్డుకు రారు. బోట్ల మీద పనిచేసిన నలుగురూ సేఠ్ కళ్లముందే ఉండేవాళ్లు."

నాలుగోరోజు డైరెక్టరు గణేశ్వరరావు ముందు కూర్చుని అంతా చెప్పింది. ఆయనది రాజమండ్రి. ముప్పై ఏళ్లు గణాంక శాఖలో చేసి, దీవుల మీద ఇష్టంతో ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఆమె చెప్తున్నంతసేపూ కళ్లజోడు తీసి తుడుస్తూనే ఉన్నాడు.

"అమ్మాయ్, తప్పు లిస్టుది. మనది కాదు."

"లిస్టును నమ్మింది మనం సార్. కాగితాలు ఉన్నాయి, మనం చదవలేదు. సున్నా కనబడింది, నేను కథ అల్లాను."

"సరే. వచ్చే నివేదికలో కింద చిన్న అక్షరాలతో ఒక వివరణ వేద్దాం."

"అది మూడు నెలల తర్వాత సార్. వాళ్లు ప్రతి శనివారం సంతకాలు పెడుతున్నారు."

ఆయన లేచి తలుపు దగ్గరికి వేశాడు. గొంతు తగ్గించాడు. "నేను చెప్పేది విను. ఈ పోలీసోళ్లతో అంకెలు చూసి పనిచేయించడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఇంతకుముందు ఏం చూసేవాళ్లు? ఫలానా కులం, ఫలానా పేట, ఫలానా మొహం. ఇప్పుడు మొదటి నివేదికే తప్పని మనమే చెప్తే, ఇక అంకెల మొహం చూడరు. మళ్లీ మొహాలే చూస్తారు. అప్పుడు ఒక్క బస్తీ కాదు, వంద బస్తీలకు నష్టం."

జాహ్నవి కాగితాలు సర్దుకుని బయటికి వచ్చింది. ఆయన మాట ఉత్త సాకు కాదని ఆమెకు తెలుసు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లకుండా మెరైన్ డ్రైవ్ వెంట ఈ కొసనుంచి ఆ కొసకు మూడుసార్లు నడిచింది. కాళ్లు ఆగితే ఆలోచన ఆగిపోతుందేమోనన్న భయం. నాలుగోసారి వెనక్కి తిరుగుతూ ఫోను తీసింది.

"సార్, మనం ఇచ్చింది కూడా వాళ్లకి మొహమే అయింది. కాకపోతే కంప్యూటర్ ముద్ర వేసి ఇచ్చాం. శుక్రవారం సమీక్ష సమావేశంలో నేను చెప్తాను. మీరు వద్దంటే రాజీనామా కాగితం ఇచ్చి, తర్వాత చెప్తాను."

"రాజీనామా గొడవ ఎందుకు? నేనూ వస్తాను. ముందు నువ్వు మాట్లాడు. తిట్లు పడాల్సి వస్తే నాకొదిలెయ్," అన్నాడు.

తిట్లు పడ్డాయి. నెలవారీ సమీక్షలో ఎనిమిదిమంది పోలీసు అధికారుల ముందు జాహ్నవి నిలబడి, "మేం ఇచ్చిన పటం తప్పు. గీసింది నేనే," అని మొదలుపెట్టగానే బల్ల చివరనున్న పెద్ద అధికారి ముఖం గట్టిపడింది. ఆయన మాట్లాడేది హిందీ.

"అంటే రెండు వారాలుగా నా మనుషుల్ని ఉత్తపుణ్యానికి అక్కడ నిలబెట్టానా?"

"అవును సార్," అంది. గణేశ్వరరావు సర్దిచెప్పబోయాడు. అధికారి చెయ్యెత్తి ఆపి, తప్పుడు లెక్కలకు ప్రభుత్వం జీతాలిస్తోందా అని అయిదు నిమిషాలు ఆయన్నే కడిగేశాడు. ముసలాయన తలొంచుకుని విన్నాడు. ఆ తర్వాత అధికారి జాహ్నవి వైపు తిరిగాడు.

"తప్పు సరే. మరి ఏం చెయ్యమంటావ్?"

ఆ ప్రశ్న కోసమే ఆమె మూడు రోజులు బస్సులో నిలబడింది. పొద్దున ఎనిమిదికి బయల్దేరే రెండు బస్సుల్లో మామూలు బట్టల్లో ఒక్కో కానిస్టేబుల్. జెట్టీ లైనులో సంచులు నేలమీద పెట్టకుండా నడుమెత్తు బల్లలు. బస్సులో మూడు భాషల్లో హెచ్చరిక. ఫిర్యాదు లిస్టులో బస్సు, జెట్టీ అని రెండు పేర్లు చేర్చడం. బస్తీలో గస్తీ, శనివారం సంతకాలు వెంటనే ఆపడం.

మొదటి నాలుగూ ఒప్పుకున్నాడు. అయిదోదానికి మాత్రం, "ముందు నెల రోజులు చూద్దాం. అంకెలు తగ్గితే అప్పుడు ఆపుతాను," అన్నాడు. ఎంత చెప్పినా కదల్లేదు.

ఆ నెల రోజులూ జాహ్నవికి ఒకచోట కుదురుగా ఉండటం చేతకాలేదు. రోజూ మధ్యాహ్నం శ్రీలక్ష్మికి ఫోను చేసేది. "ఇవాళ?" "ఏం లేదు." "ఇవాళ?" "ఒకటి. కెమెరా. ఇదిగో, బస్సు అనే నొక్కాను, సంతోషమా?" చివరికి నెలంతా కలిపి జరిగినవి రెండే. దొంగ మాత్రం దొరకలేదు. బస్సులో కాపలా పెట్టారని తెలిసి తప్పుకున్నాడో, ఊరే మార్చాడో. దొంగ దొరికి ఉంటే బస్తీ మీద మరక ఒక్కరోజులో పోయేది. ఇప్పుడు ఉన్నవి రెండు అంకెలే, ముందుది, తర్వాతది. వాటిని ఎవరింటికని పట్టుకెళ్లి చూపించాలి?

గస్తీ ఎత్తేస్తూ ఆర్డరు వచ్చిన రోజున ఆమె బాదం బస్తీకి వెళ్లింది. చీటీలో ఉన్న నంబరుకు ముందే ఫోను చేసి, వస్తున్నానని మాత్రం చెప్పింది. జోగులు వాళ్ల ఇంటి ముందు అతని తల్లి అప్పలకొండమ్మ వెదురు తడికె మీద చేపలు ఎండబెడుతోంది. కాకుల్ని అదిలిస్తూనే జాహ్నవిని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏటమ్మా, మల్లీ పేర్లు రాసుకోడానికొచ్చేవా?"

"కాదు పిన్నీ. చెప్పడానికొచ్చాను."

జోగులు లోపల్నుంచి వచ్చి స్టూలు వేశాడు. ఆమె కూర్చోలేదు.

"జోగులు భయ్యా, ఆ రోజు మీరడిగారు కదా, రంగు ఎవరేశారని. నేనే వేశాను. అది తప్పు. దొంగతనాలు బస్సులో, లైనులో జరిగాయి. మీ బస్తీలో ఒక్కటీ జరగలేదు. ఇవాళ్టినుంచి సిపాయిలు రారు, సంతకాలు లేవు."

ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఒక్కొక్కరే గుమ్మాల్లోకి వచ్చారు.

"ఆ రోజు నానొచ్చినప్పుడు నీకు తెలుసునా, తప్పని?"

"తప్పని తెలీదు. వేసింది నేనని తెలుసు."

"అప్పుడెందుకు సెప్పనేదు?"

"భయమేసింది."

"మాకూ ఏసింది," అన్నాడు జోగులు. "మా అమ్మ పదిరోజులు బజారుకి ఎల్లలేదు, తెలుసునా? చేపలు కొనేవోళ్లు బుట్టలో ఏముందో ఎత్తి సూపించమన్నారు."

అప్పలకొండమ్మ చేతిలో కర్ర పక్కన పెట్టి దగ్గరికొచ్చింది. "మా పేరు పేపర్లో ఎంత పెద్దగా ఏసారు?"

జాహ్నవి రెండు చేతులూ చాపి చూపించింది.

"మరిప్పుడు తప్పని ఎంత ఏత్తారు?"

పత్రికవాళ్లు దిద్దుబాటు వేస్తామన్నారు. ఏడో పేజీలో, ఆరు వరసలు. జాహ్నవి వేలూ బొటనవేలూ దగ్గర చేసి చూపించింది. ఆడవాళ్లలో ఎవరో చప్పరించారు.

"అయితే ఎవులూ సూడరు," అంది అప్పలకొండమ్మ. "నువ్వే వచ్చి సెప్పాల. మాకు కాదు. మావేటో మాకు తెలుసు. రేపు పొద్దున బోటు లైను కాడికి రా. సేఠ్‌లందరూ ఉంటారు. ఆళ్ల ముందు నిలబడి ఇదే మాట సెప్పు. నానూ పక్కన నిలబడతాను."

మర్నాడు తొమ్మిదింటికి జాహ్నవి జెట్టీ మెట్ల మీద నిలబడి చెప్పింది. తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి. ఇంజన్ల మోతలో గొంతు సగం వినబడలేదు. మళ్లీ మొదటినుంచి చెప్పింది. టూరిస్టులు ఇదేదో ప్రకటన అనుకుని ఫోన్లలో తీసుకున్నారు. బోటు యజమానుల్లో ఒకాయన మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. ఇద్దరు మాత్రం చివరిదాకా విన్నారు. అప్పలకొండమ్మ కొంగు నడుముకు బిగించి, ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తూ నిలబడింది.

నలుగురిలో ఇద్దరిని వారంలో మళ్లీ పనిలోకి తీసుకున్నారు. జోగులు చోట్లో అప్పటికే వేరే మనిషి కుదిరిపోయాడు. అతను మేనమామ పడవ మీద వేటకు పోతున్నాడని, ఆ పని ఒంటికి పడక చేతులు పుళ్లు పడ్డాయని శ్రీలక్ష్మి చెప్పింది. తర్వాత జాహ్నవి రెండుసార్లు ఫోను చేసింది. మొదటిసారి ఎత్తి, "ఠీక్ హై మేడం, నడుత్తాది," అన్నాడు. రెండోసారి ఎత్తలేదు.

ఇంట్లో నాన్నకు కూడా ఆమే చెప్పింది. విన్నాక భూషణం, పిల్లల జవాబు పత్రాలు దిద్దిన రోజుల్లో తనూ ఒకసారి ఒకడి మార్కులు ఇంకొకడికి వేశానని, అది తెలిసేసరికి మార్కులు పోయినవాడు బడి మానేశాడని చెప్పాడు. ఇరవై ఏళ్లలో ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదట.

తర్వాతి నివేదిక దీవుల ఉత్తర కొసనున్న డిగ్లీపూర్ గురించి. అక్కడి వ్యవసాయ పల్లెల్లో ఆడవాళ్ల మీద దెబ్బల ఫిర్యాదులు ఏడాదిగా ఒక్కటీ లేవని డేటా చెబుతోంది. ఆ పల్లెల సహాయ కేంద్రాన్ని ఎత్తేయాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. గణేశ్వరరావు ఆ కాగితాలు ఆమె బల్ల మీద పెట్టాడు.

"పటం ఎప్పటికవుతుంది?"

"ముందు నేను వెళ్లాలి సార్. రేపు తెల్లవారుజాము బస్సుకి టికెట్ తీసుకున్నాను."

"ఎన్ని రోజులు?"

"తెలీదు సార్."

ఆయన సెలవు కాగితం వెతికాడు, దొరకలేదు. తెల్లకాగితం మీద 'పని మీద' అని రాసి, రోజుల సంఖ్య ఉండాల్సినచోట ఖాళీ వదిలి సంతకం పెట్టాడు.